"అన్నా, దీనికి జవాబేంది?" అని పిల్లలు పుస్తకం ముందు పెడితే

హనుమకొండ నయీంనగర్‌లో నాది చిన్న జిరాక్స్ షాపు. ఎమ్మే తెలుగు చదివినవాడు ఈ మిషన్ ముందు ఎందుకు నిలబడ్డాడన్నది వేరే కథ. సాయంత్రం ఐదు దాటిందంటే మా గల్లీ పిల్లలు బ్యాగులతో వచ్చేస్తారు. "అన్నా, కాకతీయుల మీద రెండు పేజీలు తీసియ్యవా?" "అన్నా, ఇది ఏం సంధి?" "అన్నా, ఈ పద్యానికి తాత్పర్యం చెప్పరాదే." తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. మొదట్లో జవాబులు చెప్పి పంపేవాణ్ణి. వాళ్లు రాసుకుని పోయేవాళ్లు, వారం తిరగకుండా అదే సంధి పట్టుకుని మళ్లీ వచ్చేవాళ్లు. అప్పుడు పద్ధతి మార్చాను. ఇంట్లో తమ్ముడికో, బిడ్డకో, పక్కింటి పిల్లలకో మీరూ చెప్తుంటే, నాకు పనికొచ్చిన తీరు ఇది.

ప్రశ్నను వాళ్లతోనే చదివించండి

పిల్లలు పుస్తకం పెట్టగానే మన కళ్లు ప్రశ్న మీద పడతాయి, జవాబు నాలుక మీదికి వచ్చేస్తుంది. ఆపుకోండి. "ఏదీ, గట్టిగా చదువు" అనండి.

నర్సంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే ఒక పిల్ల, పేజీన్నర జవాబు రాసుకుని తెచ్చింది. ప్రశ్న: కాకతీయులు చెరువుల నిర్మాణానికి ఎందుకు ప్రాధాన్యం ఇచ్చారు? జవాబులో పాకాల ఉంది, రామప్ప ఉంది, లక్నవరం ఉంది, గణపురం ఉంది. ఎవరి కాలంలో కట్టించారో కూడా ఉంది. "గింత రాసినా టీచర్ రెండు మార్కులే ఏసింది" అని దాని బాధ. ప్రశ్న మూడుసార్లు చదివించాను. మూడోసారి "ఎందుకు" అనే మాట దగ్గర ఆగి నా మొహం చూసింది.

"మీ పొలానికి నీళ్లెక్కడివి?" అన్నాను.

"చెరువు కింద పొలం అన్నా."

"మరి కాకతీయుల కాలంలో గోదావరి నీళ్లు తెచ్చుకోవచ్చు కదా?"

"గోదారి ఎక్కడో కిందికి ఉంటది గదన్నా. అప్పుడు మోటర్లున్నయా?"

అదే జవాబు. మనది పీఠభూమి. పెద్ద నది దూరంగా, పల్లంలో పారుతుంది. వాన ఏడాదిలో మూడు నాలుగు నెలలే. నేల వాలుగా ఉంటుంది కాబట్టి వాలుకు అడ్డంగా కట్ట పోస్తే నీళ్లు నిలుస్తాయి, పై చెరువు అలుగు దుంకితే కింది చెరువు నిండుతుంది. నీళ్లుంటే అడవి కొట్టి కొత్తగా సాగు చేయొచ్చు, ఊళ్లు పుడతాయి, రాజుకు పన్ను వస్తుంది. చెరువు తవ్వించడం పుణ్యమన్న నమ్మకం కూడా ఉంది కాబట్టి రాజులే కాదు, సామంతులూ సేనానులూ కట్టించారు. ఇందులో సగం ఆ పిల్లే చెప్పింది. చెరువుల పేర్లు ఒక్క వాక్యానికి కుదించి, మిగతా పేజీ అంతా "ఎందుకు"కు ఇమ్మన్నాను.

ప్రశ్నలో పనిచెప్పే మాట కింద పెన్సిల్‌తో గీత గీయించడం అలవాటు చేయండి. "కారణాలు రాయండి" వేరు, "పోల్చండి" వేరు, "మీ అభిప్రాయం ఏమిటి" వేరు. పోల్చమంటే రెండింటి గురించి చెరో పేరా రాసి వదిలేస్తారు చాలామంది. ఒకే వాక్యంలో రెండూ ఉండాలని చెప్పండి, చాలు.

చరిత్రకు చుట్టరికం గీయండి

రాజుల పేర్లు, తేదీలు వరసగా బట్టీ పట్టమంటే పిల్లలకు టెన్షన్. అదే చుట్టరికం అంటే మనవాళ్లకు కొట్టిన పిండి. పెండ్లికి పోతే ఎవరు ఎవరికి ఏమవుతారో ఐదో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు.

కాబట్టి పాత బిల్లు వెనకాల ఇట్లా గీయండి. రుద్రదేవుడు. ఆయన తమ్ముడు మహాదేవుడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు, 1199 నుంచి 1262 వరకు. గణపతిదేవుని బిడ్డ రుద్రమదేవి, 1262 నుంచి 1289. రుద్రమ బిడ్డ ముమ్మడమ్మ. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు, 1289 నుంచి 1323. అంటే ప్రతాపరుద్రుడికి రుద్రమ అమ్మమ్మ.

ఈ ఆఖరి మాట దగ్గర నేనే బోల్తా పడ్డాను. షాపులో రద్దీగా ఉన్న ఒక సాయంత్రం, ఓ పిల్లవాడు అడిగితే చూడకుండానే "రుద్రమ కొడుకు ప్రతాపరుద్రుడు" అనేశాను. వాడు పరీక్షలో అదే రాశాడు. పేపరు ఇచ్చిన రోజు నేరుగా షాపుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, ఏమీ అనకుండా ఆ లైన్ మీద వేలు పెట్టాడు. అప్పటి నుంచి ఎంత తొందరలో ఉన్నా, తేదీ గానీ చుట్టరికం గానీ పుస్తకం తెరిచి చూపించి చెప్తున్నాను. మీకు నూరు శాతం గుర్తున్నా సరే, తెరవండి. పుస్తకంలో ఎక్కడ వెతకాలో పిల్లలు నేర్చుకునేది అప్పుడే.

"ఇది మనకెట్ల తెలుసు?" అని అడగండి

చరిత్రలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇది. మన జిల్లాల పిల్లలకు ఉన్న అదృష్టం ఏమిటంటే, సాక్ష్యాలు బస్సు ఎక్కి చూసేంత దూరంలోనే ఉన్నాయి.

రామప్ప గుడిని రామప్ప అనే రాజు కట్టించాడని రాసే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. పాలంపేటలో గుడి ఆవరణలోనే శాసనం ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని దాన్నిబట్టే తెలుస్తుంది. రామప్ప అనేది ఆ గుడిని చెక్కిన శిల్పి పేరని జనం చెప్పుకునే మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి అడగండి: రాతి మీద ఉన్నది ఏది, జనం నోట ఉన్నది ఏది? జనం మాటను కొట్టిపారేయొద్దు, జవాబులో "శిల్పి పేరు మీదుగా ఆ పేరు వచ్చిందని ప్రతీతి" అని రాయమనండి. ఆ "ప్రతీతి" అనే మాట వాడటం వస్తే చాలు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన సంగతి చివర ఒక వాక్యంగా పెట్టుకోవచ్చు.

ఇంకో ఉదాహరణ వెనిస్ యాత్రికుడు మార్కోపోలో. రుద్రమదేవి పాలనను మెచ్చుకుంటూ రాశాడని పాఠంలో ఉంటుంది. అదే మార్కోపోలో ఆమెను రాజుగారి భార్య అని, భర్త చనిపోయాక రాజ్యం ఏలుతోందని అనుకున్నాడు. ఆమె గణపతిదేవుని బిడ్డ, భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. "మరి కళ్లతో చూసినోడే తప్పు రాస్తడా?" అని ఒకడు అడిగాడు. పక్క గల్లీలో ఎవరింట్లో ఎవరు ఎవరో నీకు తెలుసా అన్నాను. నవ్వి, "సగం మందే" అన్నాడు.

తేదీలు రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే పిల్లలు కంగారు పడతారు. రుద్రమ పాలన 1295 దాకా, 1296 దాకా అని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం దొరికాక ఆమె 1289లో మరణించిందని ఒప్పుకున్నారు. పరీక్షలో మాత్రం తన పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయమనండి, వాదన ఇంట్లో పెట్టుకుందాం.

పెద్ద తరగతుల పిల్లలకు శక సంవత్సరం లెక్క కూడా చూపించొచ్చు. శాసనంలో ఉన్న శక సంవత్సరానికి 78 కలిపితే మన సంవత్సరం వస్తుంది. వేయిస్తంభాల గుడి శాసనంలో ఉన్నది శక 1084. కలిపితే 1162. పుస్తకంలో ఏమో 1163. లెక్క తప్పిందా? తప్పలేదు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. శాసనం తేదీ మాఘమాసం, అంటే సంవత్సరం చివర. అప్పటికి మనకు జనవరి వచ్చి సంవత్సరం మారిపోయింది. అందుకే జనవరి నుంచి ఉగాది దాకా పడే తేదీలకు 79 కలపాలి. ఈ చిక్కు విడిపోయినప్పుడు పిల్లల మొహం చూడాలి మీరు.

పద్యం దగ్గర క్రియ నుంచి మొదలుపెట్టండి

తాత్పర్యం గైడులో దొరుకుతుంది. అది చూసి రాస్తే పద్యం ఎప్పటికీ అర్థం కాదు. ముందు పద్యం రెండుసార్లు పైకి చదివించండి, రాగం లేకున్నా పరవాలేదు. తర్వాత "ఇందులో ఎవరు ఏం చేస్తున్నారు?" అని అడగండి. అంటే క్రియ వెతకడం.

పోతన మనవాడు, బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. కాబట్టి ఆయన పద్యమే తీసుకుందాం.

పలికెడిది భాగవతమట,
పలికించు విభుండు రామభద్రుండట, నే
పలికిన భవహరమగునట,
పలికెద, వేఱొండు గాథ బలుకగ నేలా?

క్రియ ఎక్కడుంది? "పలికెద". ఎవరు పలుకుతారు? నేను. ఏం పలుకుతారు? భాగవతం. ఎవరు పలికిస్తారు? రాముడు. పలికితే ఏమవుతుంది? భవహరం, అంటే పుట్టడం చావడం అనే బంధం తెగిపోతుంది. అందుకని ఇంకో కథ ఎందుకు, ఇదే చెప్తాను అంటున్నాడు. నాలుగు ప్రశ్నలకు తాత్పర్యం అయిపోయింది, ప్రతిపదార్థం కూడా ముప్పావు వంతు వచ్చేసింది.

ఇక్కడితో ఆపితే మార్కులు వస్తాయి. నేను ఇంకొక్క ప్రశ్న అడుగుతాను: "అట" ఎన్నిసార్లు వచ్చింది? మూడుసార్లు. మనం "అట" ఎప్పుడంటాం? ఓ పిల్లవాడు ఠక్కున అన్నాడు: "రేపు బడి లేదట అంటం కదన్నా. ఎవరో చెప్తే ఇన్నట్టు." అంతే. నేను రాస్తున్నాను, నేను గొప్పవాణ్ణి అని పోతన అనడం లేదు. రాసేది భాగవతమట, రాయించేది రాముడట, ఎవరో చెప్పగా విన్నట్టు చెప్పుకుంటున్నాడు. మూడు "అట"ల తర్వాత వచ్చే "పలికెద" ఒక్కటే తన మాట. కవి వినయం గురించి రాయమని ప్రశ్న వస్తే ఆ పిల్లవాడికి ఇక గైడు అక్కర్లేదు.

ఛందస్సు కూడా ఇదే పద్యంతో చెప్పేయొచ్చు, ఇది కందం. లఘువుకు ఒక వేలు, గురువుకు రెండు వేళ్లు చూపమంటాను. పిల్లలు తప్పేది ఒక్కచోటే: "భద్రుండట నే". "భ" చూడ్డానికి లఘువులా ఉంటుంది. దాని తర్వాత "ద్రు" అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి "భ" గురువైపోయింది. "ద్రుం" సున్నా వల్ల గురువు. అంటే గురువు గురువు, ఆ తర్వాత "డట నే" రెండు లఘువులు, ఒక గురువు: గగము, సగణము. ఏ అక్షరమైనా లఘువని తేల్చేముందు దాని పక్కనున్న అక్షరాన్ని చూడమని చెప్పండి. తక్కినవి సాధన చేస్తే వస్తాయి. ఉత్పలమాలకు భరనభభరవ, చంపకమాలకు నజభజజజర వంటి గణాల వరసలు మాత్రం బట్టీయే, దానికి దగ్గరిదారి లేదు.

సంధులు: పేరు చివర, విడదీయడం ముందు

పిల్లలు సంధి పేరుతో మొదలుపెడతారు. "గుణసంధా అన్నా? సవర్ణదీర్ఘమా?" అంటూ నా మొహంలో ఏం కనిపిస్తుందా అని చూస్తారు. మొహం రాయిలా పెట్టుకోండి. ముందు విడదీయించండి. మొదటి పదం చివరి అచ్చుకు ఒక సున్నా, రెండో పదం మొదటి అచ్చుకు ఒక సున్నా చుట్టించండి. తర్వాత కలిసిన పదంలో ఆ రెండింటికి ఏమైందో చూడమనండి.

నేను ఎప్పుడూ జంటలుగానే చూపిస్తాను. రామప్ప, రామానుజుడు. రెండింట్లోనూ అ + అ. రామ + అప్ప: మొదటి "అ" మాయమైంది, రెండోది అట్లాగే ఉంది. అత్వసంధి. రామ + అనుజుడు: రెండూ కలిసి "ఆ" అయ్యింది. సవర్ణదీర్ఘం. ఎందుకు తేడా? అప్ప తెలుగు మాట, అనుజుడు సంస్కృతం.

ఇంకో జంట బతుకమ్మ, స్వాగతం. బతుకు + అమ్మ: "ఉ" పోయింది, ఉత్వసంధి. సు + ఆగతం: "ఉ" పోకుండా "వ"గా మారింది, యణాదేశం. అచ్చులు కలిసే సంధుల్లో పట్టు ఇదే. తెలుగులో ముందు అచ్చు లేచిపోతుంది, వెనక అచ్చు కూర్చున్నచోటే ఉంటుంది. సంస్కృతంలో ఏదో ఒక మార్పు కనపడుతుంది. వేయిస్తంభాల గుడిలో స్వామి రుద్రేశ్వరుడు. రుద్ర + ఈశ్వరుడు, అ + ఈ కలిసి "ఏ" అయ్యింది, గుణసంధి. గుడికి పోయినప్పుడల్లా గుర్తొస్తుంది, ఇక మరిచిపోరు.

అత్వసంధి సూత్రంలో "బహుళం" అన్న మాటకు మాత్రం కాస్త ఆగండి. ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుందని దాని అర్థం. పుట్టిన + ఇల్లు "పుట్టినిల్లు" కావొచ్చు, "పుట్టినయిల్లు" కావొచ్చు. ఒక + ఒక ఏమో "ఒకానొక" అయి కూర్చుంది. వ్యాకరణం రాసిన చిన్నయసూరి ఆ ఒక్క మాటలో ఇన్ని దాచాడు. పిల్లలు దాన్ని "ఎక్కువ" అని అర్థం చేసుకుని బట్టీ పడతారు.

గసడదవాదేశానికి కూరగాయల సంచి చాలు. కూర + కాయ: "క" "గ" అయ్యింది. తల్లి + తండ్రి: తల్లిదండ్రులు.

సమాసాల్లోనూ అంతే, పేరు చివర, విగ్రహవాక్యం ముందు. "పాకాల చెరువు" అంటే? పాకాల అనే పేరు గల చెరువు. సంభావనా పూర్వపద కర్మధారయం. "చెరువుగట్టు" అంటే? చెరువు యొక్క గట్టు. షష్ఠీ తత్పురుష. వేయిస్తంభాలు: వేయి సంఖ్య గల స్తంభాలు, ద్విగువు. సమ్మక్క సారలమ్మలు: సమ్మక్కయు సారలమ్మయు, ద్వంద్వం. విగ్రహవాక్యం నోటితో చెప్పగలిగితే పేరు దానంతటదే వస్తుంది. అలంకారాల గురించి ఇక్కడ రాయడం లేదు, వాటికి పాఠంలో ఉన్న ఉదాహరణలే బాగుంటాయి.

మన మాటను చిన్నబుచ్చకండి

స్వీయరచన ప్రశ్న వస్తే పిల్లలు బిగుసుకుపోతారు. నోటితో అడిగితే గలగలా చెప్పేవాళ్లు, పెన్ను పట్టగానే మూగబోతారు. "గట్లనొద్దు, మంచిగ రాయాలె" అని ఎవరో ఎప్పుడో అనివుంటారు.

నేను ముందు చెప్పించుకుంటాను. "రుద్రమ తీర్పు చెప్పేటప్పుడు మొగోళ్ల లెక్క బట్టలేసుకుని కూసునేదట" అన్నది ఒక పిల్ల. దాన్ని అట్లాగే రాయించాను. తర్వాత దాని కిందే "పురుషుల వలె వస్త్రాలు ధరించి కొలువుదీరేదని చెబుతారు" అని తననే మార్చమన్నాను. "మొగోళ్ల లెక్క" నుంచి "పురుషుల వలె"కు పోవడానికి దానికి అర నిమిషం కూడా పట్టలేదు. పైవాక్యాన్ని తప్పు అని కొట్టేయనివ్వకండి. అది ఇంటి మాట, ఇది పేపరు మాట, రెండూ వచ్చి ఉండాలి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, మర్నాడు "అన్నడు" అన్న పిల్లవాణ్ణి చూసి నవ్వితే ఏం లాభం? "అన్నాడు" అని దీర్ఘం పెట్టాలని మెల్లగా చెప్తే సరిపోతుంది.

ఫోన్ జవాబులు

ఇప్పుడు సగం మంది ఫోన్‌లో జవాబు పట్టుకునే వస్తారు, ప్రింట్ తీయమని. వద్దనడం నా వ్యాపారానికి మంచిది కాదు. ప్రింట్ తీసి ఇస్తూ రెండు పనులు చెప్తాను. ఇందులో ఉన్న ప్రతి తేదీ నీ పుస్తకంలో చూసి టిక్ పెట్టు, దొరకనిది కొట్టెయ్. నీకు అర్థం కాని మాట కింద గీత గీసి, దాన్ని నీ మాటతో మార్చు. ఒకసారి "బహుముఖీన పరిపాలనా దక్షత" అని ఉన్నదాన్ని ఒక బుడ్డోడు "అన్ని పనులు చూసుకునే తెలివి" అని మార్చాడు. వాళ్ల టీచర్ ఆ లైన్ పక్కన ఎర్ర పెన్నుతో "బాగుంది" అని రాసిందని చూపించడానికి మళ్లీ షాపుకొచ్చాడు.

పరీక్షకు ముందురోజు రాత్రి వస్తే మాత్రం కొత్తది ఏదీ ఎత్తుకోను. బిల్లు వెనక గీసిన చుట్టరికం ఒకసారి, సంధుల జంటలు ఒకసారి, అంతే. "అన్నా, ఇంకో ముఖ్యమైన ప్రశ్న చెప్పవా" అని బతిమాలుతారు. షట్టర్ సగం దించి, పోయి పండుకోమంటాను.